అమ్ముడుపోయిన భుజం

1877లో లూయీవిల్ గ్రేస్ బేస్‌బాల్ జట్టు నేషనల్ లీగ్‌లో 61 మ్యాచులు ఆడింది. అన్నిటిలోనూ, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా విసిరింది జిమ్ డెవ్లిన్ ఒక్కడే. క్రికెట్‌లో రెండు వైపుల ఓవర్లూ ఒకే బౌలర్ వేశాడనుకోండి, అదీ సీజను పొడుగునా! ఆ రోజుల్లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, 45 అడుగుల దూరం నుంచి, చెయ్యి కిందినుంచే విసరాలి. డెవ్లిన్ బంతి బ్యాటు దాకా వచ్చి చటుక్కున కిందికి దిగేది. అంతకు ముందటేడు అతను విసిరినవి 622 ఇన్నింగ్స్. ఈ కాలపు పిచ్చర్ 200 దాటితేనే గొప్ప.

1877 ఆగస్టులో లూయీవిల్‌దే మొదటి స్థానం. తూర్పు ఊళ్ల పర్యటనకు వెళ్లాక వరసపెట్టి ఓడింది. టైటిల్ బోస్టన్ ఎగరేసుకుపోయింది. సీజను ముగిశాక క్లబ్బు పెద్దలు ఆటగాళ్ల టెలిగ్రాములు తెప్పించి చదివారు. డబ్బుకు ఓడిపోయేందుకు పందెంరాయుళ్లతో కుదిరిన బేరాలు బయటపడ్డాయి. డెవ్లిన్, జార్జ్ హాల్ ఒప్పుకున్నారు. ఆల్ నికొల్స్ కూడా ఇరుక్కున్నాడు. తన టెలిగ్రాములు చూపనన్న బిల్ క్రేవర్‌నూ వదల్లేదు. నలుగురికీ జీవితకాల నిషేధం.

క్లబ్బు జీతం బకాయి పెట్టిందని డెవ్లిన్ మొర. కావచ్చు, అంతమాత్రాన చేసింది ఒప్పు కాదు. కానీ పందెంరాయుళ్ల వైపు నుంచి చూడండి. తొమ్మిదిమందినీ కొననక్కర్లేదు. ప్రతి బంతీ ఒకే చేతినుంచి వచ్చే జట్టులో ఆ చేయి దొరికితే చాలదూ? ఏ భారం మోయడం అతన్ని గొప్పవాణ్ణి చేసిందో, అదే అతని ధర కూడా పెంచింది.

1878 ఫిబ్రవరిలో డెవ్లిన్ బోస్టన్ మేనేజర్ హ్యారీ రైట్‌కి తప్పుల తడక ఉత్తరమొకటి రాశాడు. పూట గడవడం లేదనీ, ఆడనివ్వకపోతే మైదానం చూసుకునే పనైనా ఇప్పించమనీ. తర్వాత ఏటేటా లీగ్ పెద్దల గుమ్మం తొక్కాడు. లీగ్ అధ్యక్షుడు విలియమ్ హల్బర్ట్ గదిలో డెవ్లిన్ మోకాళ్లమీద పడి ఏడ్చాడనీ, హల్బర్ట్ కళ్లనీళ్లతో 50 డాలర్ల నోటు చేతిలో పెట్టి, ఆట అమ్ముకున్నవాణ్ణి మళ్లీ నమ్మలేనని పంపేశాడనీ ఆల్బర్ట్ స్పాల్డింగ్ 1911లో రాశాడు. ఈ కథ చెప్పిన స్పాల్డింగ్ ఎవరనుకున్నారు? 1875లో సీజను సగంలో ఉండగానే, నిబంధనలు పక్కనపెట్టి, బోస్టన్ నుంచి షికాగోకు హల్బర్ట్ గుట్టుగా లాక్కొచ్చిన ఆటగాళ్లలో ఒకడు. ఆ ఉల్లంఘనకు నిషేధం మాట అటుంచి, హల్బర్ట్‌కి కొత్త లీగ్ (ఈ నేషనల్ లీగే), స్పాల్డింగ్‌కి షికాగో జట్టు పగ్గాలు దక్కాయి.

హల్బర్ట్ 1882లో పోయాడు. అప్పుడూ నిషేధం సడలలేదు. నమ్మలేమని లీగ్ గెంటేసిన మనిషికి సొంతూరు ఫిలడెల్ఫియా పోలీసు ఉద్యోగం ఇచ్చింది. ఆ కొలువులో ఉండగానే, 1883 అక్టోబరులో, భార్యనూ కొడుకునూ వదిలి క్షయతో చనిపోయాడు. అప్పటికి అతనికి 34 ఏళ్లు.