కృష్ణా పశ్చిమ డెల్టాలో సరకుల రవాణా: పడవనుండి లారీవరకు

పంట పొలములో పండును. విలువ అంగడిలో కలుగును. ఈ రెంటికి నడుమ నుండునది బాట. రాజుల చరిత్రమునకు దొరికిన చోటు, బాటమీద బండి నడపినవాని చరిత్రమునకు దొరకలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలయందు సరకుల రవాణాచే జీవించిన కుటుంబములు పెక్కులు కలవు. మన సంఘీయులలోను అట్టివారు లేకపోలేదు. ఆ వృత్తి యెట్లు పెరిగినదో, ఎచ్చట తొట్రుపడుచున్నదో, యోగ్యులగు సలహాదారుల తోడ్పాటు దానికేల యవసరమో యీ వ్యాసమున సంగ్రహముగా తెలుపబడును.

1855లో బెజవాడ యానకట్ట ముగిసెను. తరువాతి కాలువలు పైరులకు నీటినే గాక పడవలకు మార్గమును గూడ నిచ్చెను. దుగ్గిరాలనుండి పెదగంజామువరకు సాగు కొమ్మమూరు కాలువ బకింగ్‌హాము కాలువతో కలియుటచే, ఈ సీమ ధాన్యము నీటిబాటనే చెన్నపట్టణము చేరగలిగెను. కాలువకు దూరమైన గ్రామములకు రెండెడ్ల బండియే గతి. 1899లో బెజవాడ - చెన్నపట్టణము రైలుమార్గము వచ్చెను. తెనాలి, బాపట్ల దానిమీది స్టేషన్లయ్యెను. 1916లో గుంటూరునుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు నడిచెను. రైలు పడవను ఓడించినది గాని బండిని ఓడింపలేదు. ఏలయన, రైలు స్టేషనువరకే వచ్చును; కళ్లమువరకు రాదు. ఆ మిగిలిన దూరమే తరువాత లారీకి దక్కిన రాజ్యము.

మోటారు వచ్చినవెంటనే రవాణా సుఖసాధ్యము కాలేదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము అద్దెబండికి పర్మిటును విధించెను. అందలి బీమా నిబంధనలు 1946 జూలై 1వ తేదీన అమలునకు వచ్చెను. నాటినుండి, దారిని పోవువానికి కలుగు హానికి బీమా లేకుండ బండి నడుపుట నేరమయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవై, బొగ్గు వాయువుతో బండ్లు నడిపిన సంగతి పెద్దల నోట మనమందరము విన్నదే.

1954వ సంవత్సరము ఈ చరిత్రలో గుర్తింపదగినది. ఆ యేట టాటావారు జర్మనీ దేశపు బెంజి కంపెనీతో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరునందు లారీలు తయారుచేయ నారంభించిరి. ఆ యేటనే చెన్నపట్టణమున సుందరం ఫైనాన్సు సంస్థ వెలసి, వాయిదాలమీద వాహనము కొను పద్ధతిని దక్షిణదేశమున విస్తరింపజేసెను. పూర్తి రొక్కము లేనివాడును బండి యజమాని కాగల కాలము వచ్చెను. పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము తొలి వాయిదాకు చాలును. ఒక సోదరుడు చక్రము పట్టును, ఒకడు బుకింగ్ ఆఫీసున కూర్చుండును, ఇంటి యిల్లాలు రాకపోకల లెక్క చూచును. డెల్టాలో లారీ వ్యాపారము కుటుంబ వ్యాపారముగా వేళ్లూనిన విధమిది.

బస్సుల చరిత్ర వేరు మార్గము పట్టెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడెను. కృష్ణాజిల్లా మార్గముల జాతీయకరణమును ఎదిరించి గుల్లపల్లి నాగేశ్వరరావుగారును, తోడి బస్సు యజమానులును సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యమున, వాదము విన్నవారొకరు, నిర్ణయము చేసినవారు వేరొకరు అగుట న్యాయము కాదని అదే యేట తీర్పు వెలువడెను. ఆ తీర్పు నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువునదే. అయినను జాతీయకరణము ఆగలేదు. ముఖ్యమంత్రి స్వయముగా విచారణ జరిపిన పిదప ఆ పథకమే నిలిచినది. చిన్న వ్యాపారికి న్యాయవాది సలహా వలన న్యాయబద్ధమైన విచారణ దొరకును గాని, కాలగతి వెనుకకు మరలదని దీనివలన తెలియుచున్నది. ప్రయాణికుల రవాణా క్రమముగా ప్రభుత్వపరమగుచుండగా, ప్రైవేటు కుటుంబములకు సరకుల లారీయే విశాలమైన మార్గముగా మిగిలెను.

అప్పుడే మరియొక లోపము బయల్పడెను. 1959 నాటి మసానీ సంఘము, దేశములోని రవాణా యెక్కువగా ఒంటిబండి యజమానుల చేతులలో నున్నదనియు, వారు కలసి నిలువదగిన సంస్థలుగా కూడవలెననియు సూచించెను. 1969లో బ్యాంకులు జాతీయమై, చిన్న రవాణాదారులు ప్రాధాన్యరంగమున చేర్పబడుటచే అప్పు సులభమయ్యెను. 1975లో నేషనల్ పర్మిటు పద్ధతి వచ్చి, దూరరాష్ట్రములకు దారి తెరచెను. అప్పు దొరికెను, దారి దొరికెను. లెక్క మాత్రము దొరకలేదు. దొరకనిచోట బండ్లు ఫైనాన్సు కంపెనీల పాలగుటయు తటస్థించెను. 1977 నవంబరు నాటి ఉప్పెనయు, 1990 మే నాటి తుపానును ఈ తీరమును ధ్వంసము చేసినపుడు, బీమా గలవానికిని లేనివానికిని గల భేదము అందరికి ప్రత్యక్షమయ్యెను.

చిన్న వ్యాపారికి సలహా చెప్పు విద్య మన ఆంధ్రదేశముననే పరీక్షింపబడినదని చాలమందికి తెలియదు. చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 1960లో ఢిల్లీలో స్థాపింపబడి, 1962లో హైదరాబాదునకు మారెను. 1964లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడగు డేవిడ్ మెక్లెలండ్ ఆ సంస్థ సాయముతో కాకినాడ వర్తకులకు కొలది దినముల శిక్షణ నొసంగెను. తామై లక్ష్యము నేర్పరచుకొనుట, కష్టనష్టముల నెదుట తూచుట, ఫలితమును కొలుచుట - ఇవి యందలి పాఠములు. శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా వ్యాపారమును పెంచిరనియు, మన సంప్రదాయాచారములు దాని కడ్డురాలేదనియు పరిశోధకులు తేల్చిరి. 1978నుండి జిల్లాకొక పరిశ్రమల కేంద్ర మేర్పడెను. ఇట్టి తలుపులున్నను వానిని తట్టువారు కొలదిమందియే.

సలహాదారుడు చేయునదేమి? ముందుగా అతడు కిరాయిని లాభమని భ్రమింపనీయడు. ఒక లారీ పది లక్షల రూపాయలకు కొనబడి, పదియేండ్లు పనిచేయుననుకొందము. ఇంధనము, జీతము, టైర్లు, పన్ను, వడ్డీ పోగా మిగిలిన సొమ్ములో ఏటికి లక్ష రూపాయలు తరుగుదలకు వేరుగా నుంచవలెను. ఆ లక్షయు పెండ్లికి వ్యయమైనచో, పదవయేట పాత యినుము మిగులును గాని క్రొత్త బండి రాదు. చిట్టా, ఆవర్జాలు ఇంటికి వేరుగాను బండికి వేరుగాను నుండవలెనని చెప్పుట ఇందుకే.

రెండవది, తిరుగు లోడు. తెనాలి నిమ్మకాయ యెక్కువ కాలము నిలువదు, దుగ్గిరాల పసుపు నెలలకొలది నిలుచును, నిజాంపట్నము చేప మంచుతో పరుగెత్తవలెను, ధాన్యమునకు ఋతువుండును. పోవుచు నిండి, వచ్చుచు ఖాళీయగు బండి సగము కష్టమును దారిలో పారబోయును. ఏ సరకునకు ఏ మాసమున ఏ యూరినుండి మరుసరకు దొరకునో ముందుగా వ్రాసిపెట్టుకొనుటయే వ్యాపారము.

మూడవది, శాసన జ్ఞానము. 1994లో ఆదాయపు పన్ను చట్టమున చేర్చబడిన నిబంధన, పది సరకుబండ్లకు మించనివారికి పూర్తి లెక్క పుస్తకములు లేకుండగనే బండికింతయని ఆదాయము చూపు సదుపాయము నొసంగెను. పదునొకండవ బండి కొన్నవాడు ఆ నీడనుండి వెలుపలికి వచ్చును. తెలిసి వచ్చినవాడు సంస్థగా పెరుగును. తెలియక వచ్చినవాడు నోటీసులతో క్రుంగును. 2017 జూలైలో జీఎస్టీయు, 2018 ఏప్రిల్‌లో ఇ-వే బిల్లును వచ్చిన పిమ్మట కాగితము సరిలేని బండి తనిఖీలో నిలిచిపోవుట సామాన్యమయ్యెను.

నాలుగవది, అన్నిటికంటె సున్నితమైనది, కుటుంబ విభాగము. అన్నదమ్ములు వేరుపడునపుడు బండ్లను తలకొకటిగా పంచుకొన్నచో, పర్మిట్లు, ఖాతాదారులు, పరపతి ముక్కలగును. నలుగురు మరల ఒంటిబండి యజమానులగుదురు. 1986 నాటి రాష్ట్ర శాసనము, 2005 నాటి కేంద్ర శాసనము కుమార్తెలకును పిత్రార్జితమున సమభాగ మిచ్చినవి. కావున, పెద్దలు జీవించియుండగనే భాగస్వామ్య పత్రము వ్రాసికొని, వ్యాపారమును చీల్చక వాటాలను మాత్రము నిర్ణయించుట క్షేమము. నోటిమాటపై నిలిచిన ఉమ్మడి, పెద్దదిక్కు పోయిన నాడే కూలును.

సోదరులారా! మన సంఘము విద్యార్థులకు వసతిగృహములు కట్టుట, వేతనములిచ్చుట శ్లాఘనీయమే. అందుతోబాటు తెనాలి, బాపట్ల, రేపల్లెలయందు నెలకొకసారి లెక్కలెరిగిన ఆడిటరు, న్యాయవాది, విశ్రాంతి పొందిన బ్యాంకు అధికారి కూర్చుండి, బండి యజమానుల పుస్తకములు చూచి ఉచితముగా సలహా చెప్పు ఏర్పాటు చేయుట మనకు అసాధ్యము కాదు. దానికి కావలసినది భవనము కాదు, ఒక గది, నాలుగు కుర్చీలు, కొందరు విజ్ఞుల యొక పూట. దాతలు ఒక కుటుంబమునకు ధనమిచ్చినచో ఆ యేడు గడచును. లెక్క నేర్పించినచో బండి నిలుచును, బండి వెనుక నున్న యిల్లు నిలుచును. ఈ మహాసభ ఈ విషయమును ఆలోచించి తీర్మానింపవలెనని మా ప్రార్థన.