ప్రొబేటు (వీలునామా)

ప్రొబేటు అనగా వీలునామా నిజమైనదని తేల్చి, దాని నకలుపై న్యాయస్థానం తన ముద్ర వేసి ఇచ్చే ధ్రువపత్రము. భారతదేశంలో దీనిని 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఇస్తారు. వీలునామాలో పేర్కొనబడిన కార్యనిర్వాహకునికి మాత్రమే ఇది లభిస్తుంది. అటువంటి వ్యక్తి లేనపుడు వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తారు.

ఇతర రాష్ట్రాలలో చెల్లుబాటు

మరణించినవారి ఆస్తి వేరొక రాష్ట్రంలో ఉన్నపుడు, ప్రొబేటు అక్కడ చెల్లునా లేదా అన్నది దానిని ఏ కోర్టు ఇచ్చినదనే విషయంపై ఆధారపడి ఉంటుంది. 273వ సెక్షను ప్రకారం హైకోర్టు ఇచ్చిన ప్రొబేటు, వేరుగా ఆదేశించనిచో, దేశమంతటా చెల్లుతుంది. జిల్లా జడ్జి ఇచ్చినది సాధారణంగా ఆ రాష్ట్రానికే పరిమితము. మరణించినవారు ఆ జడ్జి పరిధిలో నివసించి, రాష్ట్రం వెలుపలి ఆస్తి విలువ 10,000 రూపాయలకు మించదని జడ్జి ధ్రువీకరించినపుడే ఇతర రాష్ట్రాలలో చెల్లుతుంది. నేటి భూముల ధరలలో ఈ మినహాయింపు దాదాపు నిరుపయోగము.

ఉదాహరణకు నెల్లూరు జిల్లాలోని పొలానికి మద్రాసు హైకోర్టు ప్రొబేటు సరిపోతుంది. కోయంబత్తూరు జిల్లా కోర్టు ప్రొబేటు చాలదు. ఇటువంటివారికి 228వ సెక్షను మార్గం చూపుతున్నది. వేరొక రాష్ట్రపు కోర్టులో రుజువై, అక్కడే దాఖలై ఉన్న వీలునామా యొక్క ధ్రువీకృత నకలును సమర్పిస్తే, దానిని జతచేసి ఇక్కడి కోర్టు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇవ్వవచ్చును. అసలు ప్రతి అవసరం లేదు. విదేశీ కోర్టులలో రుజువైన వీలునామాలకు కూడా ఇదే సెక్షను వర్తిస్తుంది కనుక అమెరికాలో మరణించిన తెలుగువారి కుటుంబాలకు ఇది ముఖ్యమైనది.

213వ సెక్షను తొలగింపు

మద్రాసు, బొంబాయి హైకోర్టుల నగర పరిధిలో వ్రాసిన, లేదా అక్కడి స్థిరాస్తికి చెందిన హిందువుల వీలునామాలకు పూర్వం ప్రొబేటు తప్పనిసరిగా ఉండేది. నెల్లూరు పొలానికి నెల్లూరులోనే వీలునామా వ్రాస్తే అక్కరలేదు, మద్రాసులో వ్రాస్తే కావాలి! ఈ నిబంధన గల 213వ సెక్షనును 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది. ప్రొబేటు పొందే వీలు మాత్రం కొనసాగుతున్నది.

పేరు మార్పు

ప్రొబేటు వీలునామాను రుజువు చేస్తుందే గాని, ఆస్తి మరణించినవారిదేనని తేల్చదు. రెవెన్యూ రికార్డులలో పేరు మారినంత మాత్రాన కూడా హక్కు సంక్రమించదు. వివాదమున్నచో సివిలు కోర్టు నిర్ణయించవలసిందే. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తన వాటాకు మించి వ్రాసిన వీలునామాకు ప్రొబేటు లభించినా, మిగిలిన వాటాదారుల హక్కు పోదు.