పాళెగాండ్ర తుపాకి: గొట్టము, కఱ్ఱ, కట్టు

మైసూరు పీఠభూమి తూర్పుగా వాలి ఆర్కాటు సీమలోనికి దిగిపోవు అంచున మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్ళును వెలసియున్నవి. కనుమలు చేతనున్నవానికే రాజ్యములు లొంగుచుండిన ఆ కాలములో, 1791లో ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీ గవర్నరు జనరలు కారన్‌వాలీసు దొర ఆంబూరు దారిని పోవుచున్నట్లు కానిపించి పలమనేరు సమీపమందలి మొగిలి కనుమగుండా సేనను మైసూరు సీమకెక్కించిన ఆ దినములలో, ఈ ప్రాంతపు పాళెగాండ్రకుఁ గల బలమంతయు కొండలు, ముండ్లపొదలు, బంట్రోతుల భుజములపై వ్రేలాడు వత్తి తుపాకులు, ఈటెలు మాత్రమే. పుంగనూరు పాళెగాండ్రును, కుప్పము సీమనేలిన కంగుంది పాళెగాండ్రును ఆ కోవకుఁ జెందినవారే. వారి వంశావళులను గూర్చి వ్రాసినవారు కలరు. వారి తుపాకిని గూర్చి, దానిని కూర్చిన చేతులను గూర్చి మనము తగినంతగా వ్రాసికొనలేదని నా బాధ.

దక్షిణదేశపు వత్తి తుపాకి చూపునకు మోటుదే గాని, అది కమ్మరి, వడ్రంగి, తోలుపనివాఁడు ముగ్గురును ఏకమనస్కులై చేయవలసిన వస్తువు. కమ్మరి యినుప బద్దను కాల్చి, కమ్మిచుట్టు పాము చుట్టుకొన్నట్లు చుట్టి, అంచులు కలిసి యేకమగువఱకు సుత్తెతో సాగఁగొట్టి గొట్టము చేయును. దాని అడుగును గట్టిగా మూసి, ప్రక్కన సన్నని రంధ్రము తొలిచి, ఆ రంధ్రము నోట రంజకము పోయుటకుఁ జిన్న తొట్టి యమర్చును. సురేకారపు నీటిలో నానఁబెట్టి యెండించిన నూలువత్తి ఇనుపకొక్కెము కొసను కాలుచుండఁగా, మీట నొక్కినంతనే కొక్కెము వంగి నిప్పును రంజకమునకుఁ దాఁకించును. ఇక వడ్రంగి పని గొట్టము పండుకొనుటకుఁ దగిన గాడిని కఱ్ఱలోఁ దొలుచుట. ఈ గాడిలోనే తుపాకి మంచిచెడ్డలన్నియు నిమిడియున్నవని చెప్పినచో అతిశయోక్తి కానేరదు. గొట్టము గాడిలో నాద్యంతము ఆనక ఒకచోట నెత్తుగా, ఒకచోటఁ బల్లముగా నున్నచో, పేలినప్పుడెల్ల వెనుకకుఁ దన్ను వేగమునకు అది కదలి, గుఱిపూస ఒక దిక్కును జూపఁగా గుండు వేఱొక దిక్కునకుఁ బోవును.

గాడిలోఁ గూర్చుండిన గొట్టమును కఱ్ఱకు బిగించుటకు మనవారు పచ్చితోలు పట్టెలను, లోహపు తీఁగెలను, ఇత్తడి కట్లను వాడిరి. తడిసిన పచ్చితోలు ఆఱుచున్నకొలఁది ముడుచుకొని, ఏ మనుష్యహస్తమును బిగింపలేనంత గట్టిగా బిగియును. బండిచక్రమునకుఁ గాల్చిన యినుపపట్టాను తొడిగి నీళ్ళు చల్లఁగానే అది కుంచించుకొని ఆకులను, కుండను ఒక్కటిగాఁ బట్టుటను చూచినవారికి, ఈ తోలుకట్టు వెనుకనున్న బుద్ధి యెట్టిదో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఐరోపాలో ఫ్రెంచివారు 1728 నాటి తమ తుపాకికి లోహపు కట్లను తొడుగఁగా, కుంపిణీ సిపాయి భుజముపైనున్న ఇంగ్లీషు తుపాకిలో గొట్టమును కఱ్ఱకు మేకులతోనే బంధించుచుండిరి; గొట్టమును విప్పి తుడిచి మరల బిగించుటకుఁ గట్టే సులువైనది.

కుప్పమునకుఁ బడమరగా, కోలారు సీమలోని బూదికోటలోఁ బుట్టిన హైదరలీయు, అతని కుమారుఁడు టిప్పుసుల్తానును వాడిన అగ్నిబాణములలోను ఇదే సూత్రము కానవచ్చుచున్నది. మందు కూరిన యినుపగొట్టమును పొడుగాటి వెదురునకుఁ దోలుపట్టెలతోఁ గట్టుట అందలి ప్రధానమైన పని. 1780 సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరులో కుంపిణీ సేనాని బెయిలీ దండును కలవరపెట్టిన ఆ బాణములకు కట్టు వదులైనచో దారి తప్పిపోవుటయే గతి. మందు బలమెంతయున్నను, కట్టుపనివాని వ్రేళ్ళ నేర్పు లేనిదే అది శత్రువును జేరదు.

ఈ విద్యకు ఎదురుదెబ్బ యుద్ధములోఁ దగులలేదు, సంధిపత్రములలోఁ దగిలినది. 1791లో నైజాము సేనలును, కుంపిణీవారి కెప్టెన్ రీడును ముట్టడించిన గుఱ్ఱంకొండ 1799లో టిప్పు రాజ్యమును పంచుకొన్నప్పుడు నైజాము వంతునకు వచ్చి, మఱుసటి యేఁడే మదనపల్లె సీమతోఁ గూడ దత్తమండలములలోఁ జేరి కుంపిణీ పాలైనది. ఆ మండలములకుఁ గలెక్టరై వచ్చిన మన్రో దొర తన అధికారములో నెనుబదిమంది పాళెగాండ్రును, వారి క్రింద సుమారు 30,000 మంది సాయుధులైన బంట్రోతులును ఉన్నట్లు లెక్కకట్టి, వారి కావలి హక్కులను తీసివైచి, ఆ బంట్రోతులను చెదరఁగొట్టెను. 1801లో కర్ణాటక నవాబునుండి కుంపిణీకి వచ్చిన చిత్తూరు పాళెములు కొన్ని యేండ్లు తిరుగఁబడినను, దండు నడిపి వానిని నణఁచిరి. పుంగనూరును, కంగుందియు జమీందారీలుగా నిలిచినవి గాని, జమీందారునకుఁ గావలసినది పేష్కషు చెల్లించుటకు రొక్కమే. తుపాకులు కూర్చు కమ్మరితో అతనికిఁ బని లేకపోయెను. పిమ్మట 1878 నాటి 11వ చట్టము తుపాకి పట్టుటకు లైసెన్సును విధించి, తెల్లవారిని మాత్రము విడిచిపెట్టినది. ఇది అవమానమని దేశమెల్ల నెఱిఁగెను. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానములో, నియమములకు లోఁబడి ఆయుధము ధరించు హక్కును జేర్చుటకుఁ గారణమదియే.

అయినను ఆ కూర్పువిద్య జాడ నేఁటికిని కలదు. నేఁటి సైనికుని తుపాకి పైభాగమున, దుర్భిణినో దీపమునో తగిలించుటకు పండ్లుగల లోహపుపట్టీ యొకటి యుండును. దీనికి 1995లో అమెరికా సైన్యము న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారము పేరిట ప్రమాణమేర్పఱచి, గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడికిని గాడికిని నడిమి దూరము 10.01 మిల్లీమీటర్లు అని నిర్ణయించెను. తుపాకి తయారైన తరువాత అమర్చు పట్టీ యైనచో, దాని యడుగు తుపాకి వీఁపున నంతట నానవలెను. నడుమ నూనెగాని నలుసుగాని యుండరాదు. మరలను ఒక్కొక్కటిగా, చెప్పిన కొలఁదికి మించక, సమముగా బిగింపవలెను. లేనిచో లోహము వంగి, దుర్భిణిలోఁ జూచిన గుఱి యొకటి, గుండు తగులుచోటు వేఱొకటి యగును. వడ్రంగి గాడిలో గొట్టమును పదేపదే పెట్టి తీసి, ఎత్తైనచోట నుండి పొట్టు తీయుచు సరిచూచుకొనుటయు ఇదే విద్య. పేరు మాఱినది, పనివాని కన్ను మాఱలేదు.

ఆ కన్ను గల పనివారి పేర్లు మనకు మిగులలేదు. మిగిలినవి వారి చేతిపనులే. అవియు నెచ్చటనో అటకలపై, పాత బోషాణములలోఁ దుప్పుపట్టి, తూకపు ఇనుముగా అమ్ముడుపోవుచున్నవి. కావున ఈ సీమ పాఠకులకు నా విన్నపమొక్కటే: మీ యింట పూర్వులనాటి గొట్టము గాని, గాడి తొలిచిన కఱ్ఱ గాని కనఁబడినచో, దానిని తోమకుఁడు, విప్పకుఁడు, పాతసామానులవానికి నీయకుఁడు; మొదట పోలీసుఠాణాకుఁ దెలిపి, వారి ద్వారా పురావస్తుశాఖకుఁ జేర్పించుఁడు.