వన్నిలో రెండు ఏలుబడులు: అంతర్యుద్ధకాలపు సార్వభౌమత్వంపై ఒక పరిశీలన

శ్రీలంక ఉత్తరాన వన్ని ప్రాంతంలో చాలా భాగం 1990ల చివరి నుంచి తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ ఏలుబడిలో ఉండేది. 1998 సెప్టెంబరులో పులుల వశమైన కిళినొచ్చి, 2009 జనవరి 2న సైన్యం తిరిగి పట్టుకునే దాకా వారికి రాజధానిలా నడిచింది. అయినా ఆ పదేళ్లూ అక్కడి బడిపంతులుకు, ఆసుపత్రి వైద్యుడికి, జిల్లా కచేరి గుమస్తాకు జీతం కొలంబో ఖజానా నుంచే వచ్చింది. తుపాకి ఒకరిది, జీతం మరొకరిది అయినప్పుడు సార్వభౌమత్వం ఎవరిది? ఈ ప్రశ్నకు పరిశోధకులు చెప్పిన జవాబుల్లో తుపాకికి దక్కిన ప్రాధాన్యం జీతానికి దక్కలేదు.

ఈ లోపం పరిశోధకుడు క్రిస్టియన్ స్టోకె వ్యాసంలో కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 2006లో థర్డ్ వరల్డ్ క్వార్టర్లీలో వెలువడిన ఆ వ్యాసం వన్నిలో ఒక కొత్త రాజ్యం రూపు దిద్దుకుంటోందని వాదించింది. 1990ల తొలినాళ్లలో ఏర్పడిన తమిళ ఈలం పోలీసు విభాగం, న్యాయస్థానాలు, శిక్షాస్మృతి, 1994లో తెరిచిన బ్యాంకు, పునరావాస సంస్థలు ఈ వాదనకు ఆధారాలు. ఆ పాలనలోని నిరంకుశ లక్షణాలను స్టోకె గుర్తించాడు. ప్రభుత్వ సేవలు కొనసాగిన సంగతీ అతనికి తెలుసు. కానీ వాటిని పులుల సంస్థలకు ఉపాంగాలుగా చూశాడు. కొత్తగా పుట్టిన సంస్థల జాబితా రాసుకుని, పాతవి ఎందుకు మూతపడలేదని అడగకపోవడమే ఈ పద్ధతిలోని అసలు దోషం.

మూతపడని వాటిలో మొదటిది కచేరి. కిళినొచ్చికి, ముల్లైత్తీవుకు కొలంబో నియమించిన జిల్లా పాలనాధికారులు (గవర్నమెంట్ ఏజెంట్లు) యుద్ధకాలమంతా ఉన్నారు. నిర్వాసితుల లెక్కలు కట్టడం, ప్రభుత్వం పంపిన బియ్యం, పప్పు, పంచదార సహకార సంఘాల ద్వారా పంచడం వారి పని. ఏ లారీ ఎటు వెళ్లాలో పులులు శాసించగలిగారు, కానీ లారీలోకి సరుకెత్తించింది ప్రభుత్వ ఉత్తర్వే. కచేరిని మూసేస్తే లక్షలాది మందికి తిండి పెట్టే భారం తమ నెత్తిన పడుతుందని ఎల్‌టీటీఈకి తెలుసు. అందుకే దాన్ని కూలగొట్టకుండా అదుపులో పెట్టుకుంది.

రెండోది బడి. వన్ని పిల్లలు చదివింది జాతీయ పాఠ్యప్రణాళిక, రాసింది కొలంబోలోని పరీక్షల విభాగం నిర్వహించే ఓ లెవెల్, ఏ లెవెల్ పరీక్షలు. పులుల పోరాటాన్ని కీర్తించే పాఠాలు విడిగా చెప్పినా, విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చిపెట్టేది ప్రభుత్వ ముద్ర ఉన్న మార్కుల పత్రమే. కొడుకు ఇంజనీరు కావాలనుకున్న తల్లిదండ్రులు ఏ జెండా కింద బతుకుతున్నా, ఆ పత్రం కోసం చూసింది కొలంబో వైపే.

మూడోది రూపాయి. తమిళ ఈలం బ్యాంకు డిపాజిట్లు తీసుకుంది, అప్పులిచ్చింది, అన్నీ శ్రీలంక రూపాయల్లోనే. సరిహద్దు దాటే సరుకుపై పులులు వేసిన సుంకమూ ఆ నోట్లలోనే వసూలైంది. ప్రభుత్వోద్యోగుల జీతాల నుంచి కూడా వారు పన్ను రాబట్టారు. అంటే కొలంబో చెల్లించిన సొమ్ములో ఒక వాటా కొలంబోపై యుద్ధానికే చేరింది. రాజ్యం తన శత్రువుకు పెట్టుబడి పెట్టిందని దీన్ని తప్పుబట్టినవారున్నారు. నిజానికి ఆ జీతం ఆగి ఉంటే ఆ ప్రజలపై రాజ్యానికి మిగిలిన చివరి హక్కు కూడా పోయేది.

వన్ని సరిహద్దులోని ఓమంతై దగ్గర ఈ రెండు ఏలుబడులూ ముఖాముఖి తారసపడేవి. 2002 ఫిబ్రవరి 22 కాల్పుల విరమణ తర్వాత ఏ-9 రహదారి తెరుచుకుంది. సైన్యం తనిఖీ ముగించుకున్న ప్రయాణికుడు నిర్జన ప్రాంతం దాటి పులుల తనిఖీకి చేరేవాడు. అక్కడ గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చేది. 1996లో కొలంబో మార్చిన ప్రామాణిక సమయాన్ని పులులు ఒప్పుకోకపోవడమే కారణం. 2006 ఏప్రిల్‌లో కొలంబో పాత సమయానికి మళ్లడంతో ఆ తేడా పోయింది. వేరే రాజ్యానికి గుర్తుగా పరిశోధకులు ఈ అరగంటను ఎత్తిచూపుతారు. అయితే ఓమంతై అవతల గడియారం పులులదే అయినా, నెలాఖరు జీతం మాత్రం కొలంబోది.

పొత్తు కుదిరే అవకాశం వచ్చినప్పుడు కూడా ముద్ర ఎవరిదన్నదే తేల్చింది. సునామీ సహాయాన్ని కలిసి పంచేందుకు 2005 జూన్ 24న ప్రభుత్వం, ఎల్‌టీటీఈ ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాన్ని వ్యతిరేకించి ప్రభుత్వ భాగస్వామి పార్టీ జేవీపీ అంతకుముందే ప్రభుత్వం నుంచి తప్పుకుంది. జులైలో సుప్రీంకోర్టు అందులోని కీలక అంశాలను నిలిపివేసింది. పదాతిదళం అడుగుపెట్టలేని నేల మీద కోర్టు ఉత్తర్వు పనిచేసింది.

1990లలో ఇంధనం, సిమెంటు, ఎరువులపై కొలంబో విధించిన ఆంక్షలు, పౌరులపై కురిపించిన బాంబులు ఈ వాదనకు అడ్డొచ్చే మాట నిజమే. అయితే పౌరులను శిక్షించిన రాజ్యం కూడా వారిని తన పౌరులుగానే లెక్కలో ఉంచుకుంది.

2008 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సిబ్బందిని, సహాయ సంస్థలను ప్రభుత్వం వన్ని నుంచి వెళ్లిపొమ్మంది. వారు వెళ్లాక కూడా ప్రభుత్వ వైద్యులు మిగిలారు. 2009 మే నెలలో యుద్ధం ముగిసే దాకా, కుంచించుకుపోయిన ఆ తీరప్రాంతంలో గాయపడినవారికి కట్లు కట్టింది ఆరోగ్య శాఖ జీతగాళ్లే. పులుల పోలీసు, కోర్టు, బ్యాంకు వారి సైన్యంతోపాటే అంతరించాయి. కచేరి, బడి, పరీక్ష మిగిలాయి.

ఇది ఒక్క శ్రీలంక సంగతే కాదు: 2014లో మోసుల్ నగరం సాయుధ సంస్థ చేతికి పోయాక ఇరాక్ ప్రభుత్వం కూడా అక్కడి ఉద్యోగులకు ఏడాదిపాటు జీతాలు పంపింది. కాబట్టి అంతర్యుద్ధంలో సార్వభౌమత్వాన్ని తేల్చేది భూమిపై పట్టు కాదు, పౌరుడి జీవితపు లెక్క ఎవరి పుస్తకంలో నడుస్తోందన్నదే. ఆ పుస్తకాన్ని చేజిక్కించుకోలేని ఏ సాయుధ సంస్థా, ఎంత నేల గెలిచినా, రాజ్యం కాలేదు.