ఇజడ్

సూరతు నగరమందలి పాండేసర అద్దకపు మిల్లులకు పేరెన్నికగన్నది. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి మగ్గపు పనికై సూరతు చేరిన తెలుగు కుటుంబములు పెక్కు. గుజరాతీ బాలుడు ఇంగ్లీషు కడపటి అక్షరమును ‘ఝెడ్’ అనును. మన తాతలు ‘ఇజడ్’ అనిరి. ఇది విని నవ్వువారు గలరు. పల్లెటూరి పలుకట! ‘ఇస్కూలు’ వంటిదేనట!

‘స్కూలు’న సంయుక్తాక్షరము నోట పలుకక ఇకారము చేరినది. ‘జెడ్’కు ఆ చిక్కు లేదుగదా! 1755 నాటి నిఘంటువునకు చేర్చిన వ్యాకరణమున శామ్యూల్ జాన్సను ఈ అక్షరమునకు ‘జెడ్’ కంటె ‘ఇజర్డ్’ అను పేరే ఎక్కువ వాడుకయని వ్రాసెను. 1773లో గోల్డ్‌స్మిత్ తన ప్రహసనమున ఒక పాత్రచే ఆ మాటనే పలికించెను. ఫ్రెంచివారి ‘ఎ జెడ్’, అనగా ‘మరియు జెడ్’, దీనికి మూలమని కొందరు పండితుల ఊహ. అమెరికా సొత్తని మనము తలచు ‘జీ’ సైతము 1677 నాటి ఇంగ్లీషు వాచకమున కలదు. 1828లో వెబ్‌స్టరు దానిని తన నిఘంటువున కెక్కించెను.

దొరలనాటి బడులలో ‘ఇజర్డ్’ మనకు దక్కి, రేఫము జారి ‘ఇజడ్’ అయ్యెనని నా తలంపు.

ఇంకొక విశేషము. ఇ, ఎలతో కూడిన జకారము తాలవ్యమనియు, అకారముతో కూడినది దంత్యమనియు చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) చెప్పిన తెలుగు మర్యాద. కావున తెలుగునోట ‘జెడ్’ తాలవ్యమగును. ‘ఇజడ్’ లోని జకారము, సూరతు ‘జరీ’లో వలె, దంత్యమై ఇంగ్లీషు ధ్వనికి మరింత చేరువగా నుండును.