దలా నుంచి పన్నెండు అంకెలు

పిల్లల వీడియో గేముల మీద చరిత్ర ప్రసంగం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి, నేను దలా దగ్గర మొదలుపెడతాను.

యాంగోన్‌లో పాన్‌సొడాన్ రేవులో పడవ ఎక్కితే అవతలి ఒడ్డే దలా. ఉత్తరాంధ్రలో మన పెద్దవాళ్ళకి ఆ నగరం రంగూన్ కూడా కాదు, "రంగం". కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల నుంచి ఎందరో కూలికి రంగం వెళ్ళారు. కోరంగి రేవు పేరుతో అక్కడ మనవాళ్ళని "కోరంగీలు" అనేవారు. ఆ మాటలో మర్యాద తక్కువే లెండి. దలాలో ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీ ఓడల యార్డు ఉండేది. 1920లలో ఆ కంపెనీకి 600కు పైగా పడవలు ఉండేవి. మా తాతయ్య ఆ యార్డులో రివిట్లు కొట్టేవారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె, ఆ వెంటనే జరిగిన అల్లర్లు చూసినా ఆయన కదల్లేదు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక మాత్రం, 1942లో అందరితో పాటు కాలినడకన బయలుదేరారు. ఆయన చెల్లెలు భర్తతో దలాలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ ఉత్తరాలు రాశారు. ఆవిడవి మా పాత ఊరికి వెళ్ళాయి, తాతయ్య అప్పటికే విశాఖ మారిపోయారు. తాతయ్యవి యార్డు ఇంటికి వెళ్ళాయి, ఆవిడ ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసింది. ఒకరి చిరునామా ఒకరి దగ్గర లేకుండానే ఇద్దరూ పోయారు.

2015లో నేను దలా వెళ్ళి, ఇంటిపేరు చెప్పుకుంటూ మూడు రోజులు తిరిగితే ఆవిడ మునిమనవడి ఇల్లు దొరికింది. వరసకు నాకు మేనల్లుడు, మావాడికి బావ. పదేళ్ళవాడు. చేతిలో నింటెండో 3డీఎస్! వాళ్ళ నాన్న సింగపూర్‌లో పని చేస్తూ తెచ్చాడట. 2014లో కొత్త ఫోను కంపెనీలు వచ్చి 1500 చాట్‌లకే సిమ్ము ఇవ్వడంతో ఇంటర్నెట్ కూడా దలాకు చేరింది. మావాడికీ అదే యంత్రం ఉందనగానే, పన్నెండు అంకెల ఫ్రెండ్ కోడ్ కాగితం మీద రాసిచ్చాడు.

ఈ కోడ్ కథ 2005లో నింటెండో డీఎస్‌తో మొదలైంది. అప్పుడు ఒక్కో ఆటకీ ఒక్కో కోడ్. తల్లిదండ్రుల ప్రాణం మీదికి వచ్చేది. 2011లో వచ్చిన 3డీఎస్‌లో యంత్రానికంతటికీ ఒకటే, నూరుమంది దాకా చేర్చుకోవచ్చు. ఇద్దరూ ఒకరి అంకెలు ఒకరు ఎక్కిస్తేనే స్నేహం కుదిరేది, ఒక వైపు ఎక్కిస్తే చాలదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పిల్లల జోలికి రాకుండా ఈ కట్టుబాటు. అయినా కొందరు పిల్లలు కోడ్లు బహిరంగంగా పంచుకుని అసభ్యమైన ఫొటోలు పంపుకున్నారని, 2013లో ఉత్తరాల సౌకర్యాన్ని కంపెనీయే ఆపేసింది.

న్యూజెర్సీ వచ్చి మావాడు అంకెలు ఎక్కించాడు. నెల గడిచినా బావ రాలేదు. "మన నంబరు వాళ్ళకిచ్చావా నాన్నా?" అన్నాడు. ఇవ్వలేదు! తాతయ్య చేసిన పనే నేనూ చేశాను. ఆ రాత్రే దలాకు ఫోను చేసి అంకెలు రెండుసార్లు చదివాను. మర్నాడు మారియో కార్ట్ 7లో బావ కారు కనిపించింది. ఆ యంత్రంలో తెలుగు అక్షరాలు లేవు, ఉన్నా దలా కుర్రాడికి చదవడం రాదు. ఇద్దరికీ ఆటే భాష.

2021లో సైన్యం అధికారం తీసుకున్నాక, అక్కడ మొబైల్ ఇంటర్నెట్ తెగిపోయిన నెలల్లో మావాడు ఆట ఆడకపోయినా రోజూ ఒకసారి యంత్రం తెరిచి బావ పేరు వెలిగిందేమోనని చూసేవాడు. పత్రికల కంటే నాకు ఆ పేరే వార్త.

2024 ఏప్రిల్ 8న నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ ఆటలు ఆపేసింది. ఆపుతామన్న వేళ మాకు సాయంత్రం ఏడు, దలాలో తెల్లవారుజామున అయిదున్నర. పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళిద్దరూ అప్పటికి గంట నుంచీ ఆడుతూనే ఉన్నారు. ఆఖరి పందెం బావే గెలిచాడట. కావాలని ఓడిపోయావా అంటే మావాడు జవాబు చెప్పలేదు.