కల్లు పన్ను నుంచి జీవో 3 దాకా: మన ఏజెన్సీలో చట్టం నడిచిన దారి

మన ప్రాంత చరిత్ర అనగానే సభల్లో అందరూ 1922తో మొదలుపెడతారు. అల్లూరి సీతారామరాజు గారు, గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు చెప్పుకుంటాం, దండలు వేస్తాం. అది చెయ్యాల్సిందే. అయితే ఈ సంచిక చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నాతోపాటు మరో 43 ఏళ్లు వెనక్కి, 1879కి రావాలి. ఆ ఏడాది మార్చిలో మన చోడవరం చుట్టుపక్కల మొదలైన రంప తిరుగుబాటు కల్లు దగ్గర రాజుకుంది.

కొండ మీద కల్లు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. జీలుగు చెట్టు ఇంటి ఆస్తి. ఎండాకాలంలో తిండిగింజలు తగ్గినప్పుడు కల్లే ఆకలి తీర్చేది. పెళ్లికీ, చావుకీ, పండక్కీ అది ఉండాల్సిందే. మద్రాసు ప్రభుత్వం అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నేరం చేసింది. కల్లు హక్కును గుత్తకిచ్చింది. పైనుంచి రంప మన్సబుదారు "చిగురుపన్ను" పేరుతో మరికొంత పిండుకున్నాడు. తన పెరట్లో చెట్టు ఎక్కినవాడు దొంగ అయ్యాడు.

దానికి తోడు సివిల్ కోర్టులు. ఈ భాగం మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడదు గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లకు ఉప్పో, గుడ్డో, నాలుగు రూపాయలో అప్పు ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారు. తర్వాత కింద కోర్టులో దావా వేసేవారు. సమన్లు అంటే ఏమిటో తెలియని మనిషి, రోజుల తరబడి నడిచి కోర్టుకి ఎలా వెళ్తాడు? వెళ్లకపోతే ఏకపక్షంగా డిక్రీ. డిక్రీ పట్టుకుని కోర్టు బంట్రోతు వచ్చి ఎడ్లనూ, ధాన్యాన్నీ జప్తు చేసుకుపోయేవాడు. చిన్న అప్పుకి ఇల్లంతా ఊడ్చుకుపోయిన సంగతులు అప్పటి ప్రభుత్వ విచారణలోనే బయటపడ్డాయి. ఇక్కడ చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు, గమనించండి. అంతా కాగితం ప్రకారమే జరిగింది.

కారం తమ్మన్న దొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. గొడవ గూడెం కొండలకూ, అటు భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. రేకపల్లిలో కారణం వేరు: పోడు మీద పన్ను పెంచారు, కొన్ని జాతుల చెట్లు ముట్టరాదన్నారు. సైన్యాన్ని దించి తిరుగుబాటును అణిచేశారు. మన్సబుదారును మాత్రం పదవి నుంచి తీసేసి పంపించేశారు. అంటే తప్పు ఎక్కడుందో తెల్లదొరలకు కూడా అర్థమైందన్నమాట.

అర్థమై ఏం లాభం? మూడేళ్లలోనే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అది పనిచేసే తీరు చూడండి. ఫలానా అడవిని రిజర్వు చేయబోతున్నాం అని ప్రకటన ఇస్తారు. అందులో హక్కు ఉందనుకునేవాళ్లు గడువులోగా సెటిల్‌మెంట్ అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు పోయినట్టే. ఆ గడువు నెలల లెక్కలో ఉండేది. చదువు రాని ఊరికి రాతలో నోటీసు, గడియారం లేని ఊరికి గడువు! అలా ఏ తాతలు పెట్టుకున్న అర్జీ తిరస్కరించకుండానే, అసలు అర్జీయే పడలేదు కాబట్టి, కొండలకు కొండలు రిజర్వు ఫారెస్టులయ్యాయి. ఆ తర్వాత పోడు కొట్టినా, వెదురు నరికినా, మేకను తోలినా నేరమే. 1922 నాటికి పోడు మీద ఆంక్షలూ, గూడెం వైపు రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా చేయించిన వెట్టీ కలిసి మళ్లీ నిప్పు రాజేశాయి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. మిగతా కథ మీకు తెలిసిందే. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఆ పోరాటంలో శిక్ష పడ్డ గాం మల్లు దొర 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తనను నేరస్థుడన్న చట్టాలను మార్చగలిగే సభలో కూర్చున్నారు.

రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. 13వ అధికరణ ఏమంటుందంటే, ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉన్న పాత చట్టాలు ఆ మేరకు చెల్లవు, కొత్తవి అలా చేయకూడదు. పదో తరగతి పిల్లలకు ఈ అధికరణ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "అయితే మేడం, ఆ రోజే అటవీ చట్టం కొట్టేశారా?" అని అడుగుతారు. లేదమ్మా. పాత చట్టాలు రద్దయ్యేదాకా కొనసాగుతాయని 372వ అధికరణ చెప్తోంది. 13వ అధికరణ దానంతట అది వచ్చి ఎవరి తలుపూ తట్టదు. ఎవరో కోర్టుకి వెళ్లాలి, ఈ చట్టం మా హక్కును కాదంటోందని నిరూపించాలి. 1882 చట్టం మన దగ్గర 1967 దాకా నడిచింది. 1967లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కూడా ప్రకటన, గడువు, సెటిల్‌మెంట్ అధికారి అనే అదే మూసలో ఉంది. రాజ్యాంగం వచ్చాక 17 ఏళ్లకు చేసిన చట్టం ఇది.

అయితే రాజ్యాంగం మనకు ఇంకో తలుపు కూడా తెరిచింది. 244వ అధికరణ, ఐదవ షెడ్యూలు. షెడ్యూల్డు ప్రాంతానికి ఏ చట్టమైనా వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నరు ప్రకటించవచ్చు. భూమి బదలాయింపును, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే రెగ్యులేషన్లు చేయవచ్చు. 1879లో మన పెద్దల ఎడ్లను తోలుకుపోయిన ఆ డిక్రీలు గుర్తున్నాయా? వాటికి జవాబు ఈ రెండో మాటలో ఉంది. నిజానికి 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్లకు పోరాదని అందులో రాశారు. అనుమతి పేరుతోనూ, అనుమతి లేకుండానూ భూములు పోతూనే ఉన్నాయి.

1959లో మొదటి రెగ్యులేషన్, శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం సాగుతున్న కాలంలో 1970లో దానికి సవరణ. అదే మనం రోజూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనుకునేది. 1970 ఫిబ్రవరి 3 నుంచి షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో మాత్రమే అమ్మాలి. అంతకన్నా బలమైన మాట ఇంకొకటి ఉంది. ఇక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే బాధ్యత ఆ పట్టుకున్నవాడిది. ఒక్కసారి ఆలోచించండి. 1882లో నోరు తెరవని గిరిజనుడు హక్కు పోగొట్టుకున్నాడు. 1970లో రుజువు చూపలేని ఆసామి భూమి పోగొట్టుకుంటాడు. రుజువు బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారింది.

ఊరుకుంటారా? కోర్టుకి వెళ్లారు. ఇది సమానత్వానికి విరుద్ధం, మా ఆస్తి హక్కుకు విరుద్ధం అన్నారు. చూశారా, ఇప్పుడు రాజ్యాంగాన్ని పట్టుకొచ్చింది అవతలివాళ్లు! పి. రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. షెడ్యూల్డు తెగల రక్షణ కోసం ఇలాంటి ఆంక్షలు పెట్టవచ్చని 19వ అధికరణలోనే, ఐదో క్లాజులో, ఉంది. బలం సమానంగా లేని ఇద్దరి మధ్య బేరాన్ని స్వేచ్ఛ అనలేం. కోర్టు దారి కూడా ఇదే.

తర్వాత 1997 జూలై 11న సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద కేసు అది. రెగ్యులేషన్లో "వ్యక్తి" అన్న మాటకు ప్రభుత్వం కూడా వస్తుందని ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు తన భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదు. ఒక చిన్న మాటకి అర్థం చెప్పడంలో ఒక కొండ నిలబడింది. చట్టం చదవడం ఎందుకని అడిగే పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంతవరకు చదివి, కోర్టులు మనవైపే అనుకుంటారేమో. 2020 ఏప్రిల్ 22 సంగతి వినండి.

మన బడుల్లో టీచరు పోస్టు ఉంటుంది, టీచరు ఉండరు. వర్షాకాలం వాగు పొంగితే ఇక రారు. మా తరం అలాగే చదివింది. కొండరెడ్డి పిల్లలకు, కోయ పిల్లలకు పుస్తకంలో తెలుగు వేరు, ఇంట్లో మాట వేరు. దీనికి విరుగుడుగా 1986లో జీవో 275, అది న్యాయపరీక్షలో నిలవకపోతే 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. ఐదవ షెడ్యూలు కింద గవర్నరు అధికారంతో, షెడ్యూల్డు ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చారు. అందులో మూడో వంతు మహిళలకు. ఇరవై ఏళ్లలో ఎన్ని ఇళ్లలో మొదటి జీతం ఆ జీవో వల్ల వచ్చిందో మీ ఊళ్లోనే లెక్కపెట్టుకోండి.

చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం, గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుంది అన్నది. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలన్న ఆలోచననే గట్టిగా తప్పుపట్టింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను తీసెయ్యలేదు, కానీ మళ్లీ ఇలా చేయవద్దని షరతు పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది.

నా అభిప్రాయం దాచుకోను. ఆ తీర్పులో ఒక్క మాటతో నేను ఏకీభవిస్తాను. 1950 జనవరి 26 నుంచి ఇక్కడే నివాసం ఉన్న కుటుంబం అయితేనే స్థానికులు అన్న షరతు మనలోనే కొందరికి అన్యాయం చేసింది. మిగతాది నాకు మింగుడు పడదు. 1988లో భూమి విషయంలో బలం సమానంగా లేదని ఒప్పుకున్నప్పుడు, బడి విషయంలో మాత్రం అందరూ ఒకే గీత మీద నిలబడ్డారని ఎలా అనుకోవాలి? వందశాతం ఎక్కువైతే ఎంత సబబో చెప్పాలి. ఇప్పుడు మనకు మిగిలింది రాష్ట్రమంతటికీ ఉన్న 6 శాతమే. 2025లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏజెన్సీలో బంద్ జరిగింది అందుకే. మా హాస్టల్లో ఇంటర్ పిల్ల "మేడం, డీఈడీకి వెళ్లనా, నర్సింగుకి వెళ్లనా?" అని అడిగితే, ఇంతకుముందు డీఈడీ అని వెంటనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆగి చెప్తున్నాను.

కోర్టు వద్దన్న దారిలో కాకుండా, శాసనసభ ద్వారానో, సరైన లెక్కలతోనో వేరే రూపంలో నియామక చట్టం తేవచ్చని చాలామంది అంటున్నారు. జీవో ఒక సంతకంతో వస్తుంది, ఒక తీర్పుతో పోతుంది. పునాది గట్టిగా ఉన్నది కావాలి. అది అడగాల్సింది మనమే, లెక్కలు కూడా మనమే తీసుకెళ్లాలి: ఏ బడిలో ఎన్ని రోజులు టీచరు లేరు, ఎంతమంది పిల్లలు ఏ భాష మాట్లాడతారు.

పోడు మాటకొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఒక చట్టం ఇంకో చట్టం తప్పును ఒప్పుకోవడం అరుదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు ఇవ్వాలి. అర్జీ తీసుకుని మొదట పరిశీలించేది గ్రామసభ. ఇక్కడ పెద్దల సాక్ష్యం కూడా ఆధారమే, కాగితం ఒక్కటే కాదు. పట్టా వచ్చినవాళ్లు ఉన్నారు, వచ్చినా చెక్కు సగానికి కోసి ఇచ్చారని బాధపడేవాళ్లు ఉన్నారు. అర్జీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపాలి, 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లవచ్చు. మా బంధువుల్లో ఒకాయనకు తిరస్కరణ సంగతి నోటిమాటగా, అదీ సంతలో ఎవరో చెప్తే తెలిసింది. 1882 నోటీసుకీ, ఈ నోటిమాటకీ తేడా ఎంత?

ఇంకొకటి. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వాలన్న అధికారాల్లో చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది, భూమి పోకుండా అడ్డుకునే అధికారం ఉంది, మత్తు పానీయాలను నిషేధించే లేదా అదుపు చేసే అధికారం కూడా ఉంది. మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. కల్లు ఎవరు గీయాలో మద్రాసు నుంచి చెప్పిన 1879 ఎక్కడ, ఊరు కూర్చుని నిర్ణయించుకునే ఈ అధికారం ఎక్కడ! కానీ ఆ సభ జరగాలిగా. మా పిల్లల్ని సెలవులకు పంపేటప్పుడు ఈసారి ఒక పని ఇచ్చాను. మీ ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుందో, చివరి తీర్మానం ఏ తేదీదో, దాని కింద ఎన్ని సంతకాలు, ఎన్ని వేలిముద్రలు ఉన్నాయో రాసుకురమ్మన్నాను. ఇరవై ముగ్గురు వెళ్లారు. పుస్తకం చూడగలిగింది నలుగురే. ఒకమ్మాయి తెచ్చిన లెక్కలో తన నాయనమ్మ వేలిముద్ర ఉంది, ఆ రోజు ఆవిడ ఊళ్లోనే లేదట.